సున్నా సంపుటంలో దొర్లిన నిజం

తప్పులు రాస్తే ఉద్యోగం పర్మనెంట్ అవుతుందని ముందే తెలిసుంటే, పదకొండేళ్లపాటు కూర్చుని అందరి పుస్తకాల్లో తప్పులు దిద్దేదాన్నా చెప్పండి? చదువుకునే రోజుల్లోనే ఆ విద్య మీద శ్రద్ధ పెట్టేదాన్ని.

నా పేరు కుప్పిలి ఇందుమతి. చరిత్ర సిద్ధాంత పరిశోధన మండలిలో కాంట్రాక్టు పరిశోధన సహాయకురాలిని. మండలి అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండంతస్తుల పాత భవనం, ముందు వరండా, వరండాలో అద్దాల పెట్టెలో ఒక రాయి. ఆ రాయి సంగతి తర్వాత చెబుతాను, రభసంతా దాని గురించే. మా మండలి పని చరిత్ర రాయడం కాదు, చరిత్ర ఎలా రాయాలో చెప్పడం. ఎవరైనా తెలియక "మీరు ఏ రాజు మీద పని చేస్తున్నారండీ?" అని అడిగితే మా డైరెక్టరు తాళ్లూరి విశ్వంభరం గారు నొచ్చుకుంటారు. "రాజుల గురించి రాయడం కూలిపనండీ. రాసేవాడు ఎలా రాయాలో మేం ఆలోచిస్తాం. అదీ తేడా" అంటారు.

ఆ ఆలోచనంతా పుస్తకాలుగా తేవాలని 'ఇతిహాస తత్త్వ గ్రంథమాల' మొదలుపెట్టారు. ఇరవై అయిదు సంపుటాలు. అట్ట రంగు ఖరారైంది, గ్రంథమాల గుర్తు ఖరారైంది, ప్రారంభోత్సవం మూడుసార్లు జరిగింది. ఏడేళ్లు గడిచాయి. పుస్తకం మాత్రం ఒక్కటీ రాలేదు.

అంటే రాయలేదని కాదు. మొదటి సంపుటం ఎప్పుడో సిద్ధం. ఆచార్య ఐనంపూడి దక్షిణామూర్తి గారు రాసిన 'లిఖితమే చరిత్ర'. ఆరువందల పేజీలు. కాగితం మీదో రాతి మీదో రాసి ఉన్నదే చరిత్ర, మనుషులు నోటితో చెప్పేదంతా గాలి కబుర్లు అని సారాంశం. నాలుగుసార్లు ప్రూఫులు దిద్దాను కాబట్టి నిద్రలో లేపినా అప్పజెప్పగలను. దాన్ని అభిప్రాయం కోసం బయటి ఊరి నిపుణుడొకాయనకి పంపారు. ఆయన ఒకే ఒక్క ముక్క రాసి తిప్పి పంపాడు: "ఈ గ్రంథం ఎవరినీ ఖండించలేదు. ఖండించనిది పాండిత్యం కాదు."

మా డైరెక్టరు గారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, పదిరోజులు అదే మాట. ప్యూను టీ ఆలస్యంగా తెస్తే కూడా "ఖండిస్తున్నానోయ్" అనేవారు. ఆ ఊపులోనే నిబంధన పధ్నాలుగు పుట్టింది.

"గ్రంథమాలలోని ప్రతి సంపుటమును, అదే గ్రంథమాలలో తత్పూర్వము వెలువడిన సంపుటమును ఖండించవలెను. అట్లు ఖండించని యెడల సదరు సంపుటము ప్రచురణార్హము కాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది."

సభ్యులంతా చప్పట్లు కొట్టారు. తీర్మానం అయిపోయింది, పకోడీలు అయిపోయాయి. రెండు నెలల తర్వాత మా సూపరింటెండెంటు బొడ్డు నాగేశం గారు ఫైలు పట్టుకుని వచ్చి, ఎంతో వినయంగా అడిగారు.

"అయ్యా, మొదటి సంపుటం దేన్ని ఖండించాలండి?"

నాగేశం గారు మంచివారే, ఎవరినీ ఇరుకున పెట్టాలని కాదు. ఆయనకి మనుషుల మీద కోపం లేదు, ఫైళ్ల మీద ప్రేమ ఉంది, అంతే. డైరెక్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. నిబంధన రద్దు చేద్దామా అంటే, రద్దు చేస్తే పొరపాటు చేసినట్టు ఒప్పుకోవాలి. మండలి చరిత్రలో అలాంటి సంప్రదాయం లేదు. ముందు రెండో సంపుటం వేసి, దాన్ని ఒకటోది ఖండిస్తే? కానీ రెండోది ఒకటోదాన్ని ఖండించాలి కదా. నాగేశం గారు తెల్లకాగితం మీద బాణం గుర్తులు గీసుకుంటూ వెళ్లారు. చివరికి గుండ్రంగా వచ్చింది. ఆ కాగితాన్ని కూడా ఫైలులో పెట్టి నంబరు వేశారు.

ఏడాదిన్నర సమావేశాలు జరిగాక ఒకరోజు డైరెక్టరు గారు బల్ల మీద చరిచారు.

"మన శాస్త్రాల్లోనే ఉందయ్యా మార్గం! ముందు పూర్వపక్షం చెబుతారు, తర్వాత దాన్ని కొట్టేసి సిద్ధాంతం చెబుతారు. మనమూ పూర్వపక్షం ఒకటి వేద్దాం. సున్నా సంపుటం! సున్నా లెక్కలోకి రాదు కాబట్టి దానికి నిబంధన అంటదు. ఆసాంతం తప్పుగా ఉండాలి. దాన్ని మన దక్షిణామూర్తి గారు ఒకటో సంపుటంలో చీల్చి చెండాడతారు."

బ్రహ్మాండం అన్నారు అందరూ. ఎవరు రాస్తారు అనేసరికి అందరూ ఫ్యాను కేసి చూశారు. "నా పేరు మీద తప్పా? ముప్ఫై ఏళ్ల సర్వీసండీ!" అన్నారు ఒకరు. ఎవరూ అడక్కుండానే ముప్ఫై ఏళ్లుగా చేస్తున్న పని, అడిగేసరికి ఇంత సిగ్గెందుకో నాకర్థం కాలేదు. నేను మూల నిలబడి అజెండా కాగితాలు పంచుతున్నాను. చూపులన్నీ ఫ్యాను మీంచి దిగి నా మీద వాలాయి.

"అమ్మా ఇందుమతీ" అన్నారు డైరెక్టరు గారు.

మా డైరెక్టరు గారి పిలుపులు మూడు రకాలు. సంతోషంగా ఉంటే 'ఇందుమతి గారూ', కోపం వస్తే 'మేడం', ఎవరూ చెయ్యని పని చేయించాలంటే 'అమ్మా'. ఇది మూడో రకం. కానీ మర్నాడు చేతికొచ్చిన ఉత్తర్వు చూస్తే కళ్లు చెమర్చాయి. "సున్నా సంపుటము సంతృప్తికరముగా తప్పుగా పూర్తయిన పక్షములో సదరు ఉద్యోగిని సేవలను క్రమబద్ధీకరించు విషయము సానుభూతితో పరిశీలించబడును."

పదకొండేళ్లలో నా గురించి 'పరిశీలించబడును' చాలాసార్లు చూశాను. 'సానుభూతితో' రావడం ఇదే మొదలు. మీకు తెలుసో లేదో, కాంట్రాక్టు వాళ్లని ప్రతి మార్చి ఆఖరున ఒక్కరోజు తీసేసి మర్నాడు మళ్లీ పెట్టుకుంటారు. వరసగా పనిచేసినట్టు రుజువు ఉండకూడదని. ఆ ఒక్కరోజూ నేను ఆఫీసుకి వస్తాను, పని చేస్తాను, సంతకం మాత్రం పెట్టను. అంటే దక్షిణామూర్తి గారి సిద్ధాంతం ప్రకారం ఆరోజు నేను లేనట్టే. అలా పదకొండు రోజులు లేకుండా పోయాను. పన్నెండోసారి కూడా మాయమయ్యే ఓపిక నాకు లేదు. ఈ ఉద్యోగం నాకు కావాలి, అంతే.

రాయడానికి కూర్చుంటే తెలిసింది, తప్పు రాయడం మాటలు కాదని. మొదట ధైర్యంగా 'కాకతీయులు ఓరుగల్లుకి రైల్లో వచ్చారు' అని మొదలుపెట్టాను. తప్పుల ధ్రువీకరణ ఉపసంఘం అని ఇద్దరితో ఒకటి వేశారు. ఒకరు దక్షిణామూర్తి గారు. రెండోవారు ఆచార్య పొన్నాడ లలితాంబ గారు. గతం అనేదే లేదు, చెప్పేవాళ్ల చూపు మాత్రమే ఉంది అని ఆవిడ సిద్ధాంతం. సీనియారిటీ జాబితా వేసినప్పుడు మాత్రం తన గతం మొత్తం ఉందని నాలుగు అర్జీలు పెట్టారు.

"ఇది తప్పు కాదమ్మా, చవకబారుతనం" అన్నారు దక్షిణామూర్తి గారు రైలు మీద పెన్ను పెట్టి. "తప్పుకి కూడా ఒక స్థాయి ఉండాలి. ఖండించినవాడికి పరువు దక్కాలా వద్దా?"

తర్వాతి విడతలో అభ్యంతరాల జాబితా వచ్చింది. "పుట 17: 'సూర్యుడు తూర్పున ఉదయించును' అను వాక్యము నిజమై యున్నది. తొలగించవలెను. పుట 23: 'తెలియదు' అని రచయిత్రి నిజాయితీగా ఒప్పుకొనియున్నది. సవరించవలెను. పుటసంఖ్యలు వరుసగా, సరిగా ఉన్నవి. ఇది సంపుటము యొక్క ఉద్దేశమునకు విరుద్ధము." ఆ చివరిది నాగేశం గారి పరిశీలన. పుటసంఖ్యల మీద నలభై నిమిషాలు చర్చించి, కార్యాలయ అవసరాల దృష్ట్యా వాటి వరకు నిజాన్ని అనుమతించారు. అట్ట మీద నా పేరు నిజంగా నా పేరే కావడం గురించి కూడా కాస్త గొడవ జరిగింది. పేరు మార్చడానికి నేను ఒప్పుకోలేదు.

ఇలా అయితే తెమిలేది కాదని నాకో ఉపాయం తట్టింది. ఒక్కో అధ్యాయానికి ఒక్క సంతకం చాలని ఉత్తర్వులో ఉంది. లలితాంబ గారి వాదాలన్నీ తీసి, మాటలు కాస్త మార్చి, ఆరు అధ్యాయాలు చేసి దక్షిణామూర్తి గారికిచ్చాను. "సంపూర్ణ దోషము" అని మూడురోజుల్లో సంతకం చేశారు. దక్షిణామూర్తి గారి పాత వ్యాసాల్లోవి తీసి అయిదు అధ్యాయాలు చేసి లలితాంబ గారికిచ్చాను. "ఇంతకంటె దోషము అసంభవము" అని ఒక్కరోజులో సంతకం చేశారు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఇంతమంది పండితులు చుట్టూ ఉండగా తప్పుల కోసం అనవసరంగా బుర్ర బద్దలు కొట్టుకున్నాను.

ఇక ఆఖరి అధ్యాయం ఒక్కటీ మిగిలింది. 'లిఖితమే చరిత్ర'కి అది తిన్నగా ఎదురు నిలబడాలి.

"బొత్తిగా అక్షరమ్ముక్క తగలని వాదం కావాలి" అన్నారు డైరెక్టరు గారు. "రోడ్డు మీద ఎవరినో అడిగి చరిత్ర రాసేసినట్టు ఉండాలి. చదువుతుంటేనే నవ్వు రావాలి."

రోడ్డు మీద నాకు తెలిసినావిడ ఒక్కతే, గవరమ్మ పిన్ని. మండలి గేటుకి ఎదురుగా ఆవిడ టిఫిన్ బండి. పదకొండేళ్లుగా నన్ను బతికిస్తున్నది మండలి అనుకుంటే పొరపాటు, ఆవిడ ఇడ్లీ. ఇప్పటికీ పిండి రోట్లోనే రుబ్బుతుంది. ఆరోజు ప్లేటు పట్టుకుని నిలబడి, నోట్సు రాసుకుందామని సంచిలోంచి మండలి లెటర్‌హెడ్ కాగితం తీశాను.

ఇక్కడ రాయి సంగతి చెప్పాలి. వరండాలో అద్దాల పెట్టెలో ఉందన్నానే, అది మా మండలి ప్రాణం. ముప్ఫై ఏళ్ల కిందట పెరట్లో గులాబీ మొక్కలకి గోతులు తీయిస్తుంటే దక్షిణామూర్తి గారికి దొరికింది. దాని మీద వరసలు వరసలుగా ఏటవాలు గీతలు. వెయ్యేళ్ల నాటి లిపి అనీ, ఇంతవరకు ఎవరూ చదవలేకపోయారనీ ఆయన తేల్చారు. కింద ఎడమ మూల ఒక గీత వంకరపోయి ఉంటుంది. రాజ్యంలో తిరుగుబాటు వచ్చి లేఖకుడి చెయ్యి వణికిందని దాని మీద ఆయన నలభై పేజీలు రాశారు. ఆ రాయి బొమ్మే మా లెటర్‌హెడ్ మీద గుర్తు.

గవరమ్మ పిన్ని ఇంకాస్త చట్నీ వెయ్యబోతూ ఆగిపోయింది.

"ఇదేటమ్మా, నా రాయి బొమ్మ మీ కాయితం మీదెట్టుకున్నారు?"

"నీ రాయేంటి పిన్నీ?"

"నా రాయే. మా మావ పోలయ్య అరిగిపోయిన రోళ్లకి ఉలితో గంట్లు కొట్టేవోడు. మా పాక ఇక్కడే ఉండేది, మీ ఆపీసున్న సోటే. నా పెళ్లైన కొత్తల్లో నాకూ పని నేర్పాడు. ఆడదానికెందుకని మా అత్త ఒకటే గోల. 'నేర్సుకోనీయే, సేతిలో పనుంటే ఎవుల్నీ దేబిరించక్కర్లేదు' అన్నాడు మావ. ఈ రాయి మీదే నేర్సుకున్నాను." కాగితం మీద వేలు పెట్టింది. "ఇదిగో, ఈ మూల వంకరపోయింది సూడు. ఉలి జారి బొటనేలు సితికిపోయింది ఆరోజు."

బొటనవేలు చూపించింది. గోరు ఇప్పటికీ వంకరే.

నా చేతిలో ప్లేటు ఒరిగి చట్నీ చీర మీద పడింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వెయ్యేళ్ల నాటి లేఖకురాలు ఎదురుగా నిలబడి "ఇంకో రెండెయ్యమంటావా?" అని అడుగుతోంది.

"ఆ రాయి ఎందుకు వదిలేశారు పిన్నీ?"

"ఆపీసు కడతాం, ఖాళీ సెయ్యండన్నారు. రోళ్లు బండెక్కించాం. అది దేనికి పనికొస్తాదని వదిలేశాం."

"నీ పేరు పుస్తకంలో వేస్తాను" అన్నాను.

"నా పేరెందుకమ్మా? మా మావ పేరెయ్యి. ఊళ్లో సగంమంది ఆయన గంట్లు కొట్టిన రోట్లో పచ్చడే తిన్నారు. ఒక్కడికీ ఆయన పేరు గ్యాపకం లేదు." గరిటె గిన్నెలో పెట్టేసి నా వైపు తిరిగింది. "ఎయ్యి తల్లీ, నీకు పున్నెం ఉంటాది."

వేస్తానని మాటిచ్చాను. వెళ్లి ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. ఆఖరి అధ్యాయం చదివి దక్షిణామూర్తి గారు పొట్ట పట్టుకుని నవ్వారు. లలితాంబ గారూ నవ్వారు. ఇద్దరూ కలిసి సంతకం చేసిన అధ్యాయం అదొక్కటే. "ఇట్టి స్వచ్ఛమైన దోషము ఉపసంఘము మునుపెన్నడును ఎరుగదు" అని రాసి, మండలి ముద్ర కూడా వేశారు. "శభాష్ ఇందుమతి గారూ!" అన్నారు డైరెక్టరు గారు. సున్నా సంపుటం అచ్చయింది. ఏడేళ్లలో మా గ్రంథమాలలో వచ్చిన మొదటి పుస్తకం. ఊళ్లో జనం రోళ్ల సంగతి ఉందట అని కొనుక్కుని మరీ చదివారు.

ఇప్పుడు దక్షిణామూర్తి గారి వంతు. ఖండించాలి. ఆయన సిద్ధాంతం ప్రకారం నోటిమాటని నోటిమాటతో కొట్టకూడదు, కాగితంతో కొట్టాలి. స్థలం స్వాధీనం చేసుకున్న నాటి కాగితాలు తెమ్మన్నారు. అందులో ప్రాచీన శిల అని ఒక్కమాట ఉంటే చాలు, గవరమ్మ కథ గల్లంతు.

నాగేశం గారు రికార్డు గదిలోకి వెళ్లి, పెళ్లికొడుకులా వెలిగిపోతూ వచ్చారు. "దొరికిందండి! చెదలు కూడా పట్టలేదు" అని, సమావేశంలో గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"స్థల స్వాధీన పంచనామా. సంవత్సరము 1979. పెరటిలో గల వస్తువుల వివరము. కొబ్బరి చెట్లు రెండు. విరిగిన రోలు ఒకటి. రోళ్లకు గంట్లు కొట్టు పోలయ్య యొక్క కోడలు గవరమ్మ పని నేర్చుకొనుచున్న రాయి ఒకటి. పనికిరానిది. వదలివేయడమైనది. ఇట్లు, పోలయ్య వేలిముద్ర, సాక్షుల సంతకములు."

 దక్షిణామూర్తి గారు ఆ కాగితం అందుకుని అటూ ఇటూ తిప్పి, "దీనికి... నకళ్లు ఏమైనా ఉన్నాయా?" అన్నారు.

"అయ్యో, ఎందుకు లేవండి! మూడున్నాయి. ఒకటి తాలూకా కచేరీలో కూడా ఉంది" అన్నారు నాగేశం గారు గర్వంగా. ఆ క్షణాన గదిలో సంతోషంగా ఉన్న మనిషి ఆయనొక్కరే.

మర్నాడు నాకు మెమో వచ్చింది. "సున్నా సంపుటము నందు ఉద్దేశపూర్వకముగా ఒక నిజమును చొప్పించి, తద్ద్వారా మండలిచే ఆమోదించబడిన తప్పును భంగపరచినందులకు మీపై ఎందుకు చర్య తీసుకొనరాదో మూడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

విచారణ డైరెక్టరు గారి గదిలోనే. ఆయన, ఇద్దరు ఆచార్యులు, రాసుకోవడానికి నాగేశం గారు.

"మేడం" అన్నారు డైరెక్టరు గారు. "మీకు అప్పగించిన పని ఏమిటి?"

"తప్పు రాయడం సార్."

"మరి?"

"నేను రాసినప్పుడు తప్పే సార్. మీరే ముద్ర వేశారు. తర్వాత అది ఎప్పుడు నిజమైందో నాకు తెలీదు."

"అసలు నిజమనేది ఉంటేగా" అన్నారు లలితాంబ గారు అలవాటు కొద్దీ.

"అలాగైతే నా నేరం కూడా లేదు కదండీ?" అన్నాను. ఆవిడ గబుక్కున మంచినీళ్లు తాగారు.

డైరెక్టరు గారు సొరుగు తెరిచి కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. నా పేరు, కింద క్రమబద్ధీకరణ ఉత్తర్వు. సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది. ఆయన గొంతు మెత్తబడింది.

"అమ్మా. పెద్ద పనేం కాదు. సవరణ పత్రం మీద ఒక్క వాక్యం రాసివ్వు. 'గవరమ్మ చెప్పినది అబద్ధము, పంచనామాలోని గవరమ్మ వేరొక గవరమ్మ.' ఇప్పుడే సంతకం పెట్టేస్తాను."

దాచడం ఎందుకు, నాకు ఆశ పుట్టింది. పదకొండు మార్చిలు కళ్లముందు గిర్రున తిరిగాయి. పెన్ను మూత కూడా తీశాను. ఒక్క వాక్యమే కదా, ఎలాగూ నన్ను పెట్టుకున్నది తప్పులు రాయడానికే కదా అనుకున్నాను. అప్పుడు ఆ వంకర గోరు గుర్తొచ్చింది. 'మా మావ పేరెయ్యి' అన్న గొంతు గుర్తొచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో కోపం, ఒళ్లు మండిపోయింది.

"రాయను సార్. ఆవిడ అబద్ధం చెప్పలేదు. కావాలంటే గేటు దాకా రండి, బొటనవేలు చూపిస్తుంది. వేడిగా ఇడ్లీ కూడా పెడుతుంది. వెయ్యేళ్ల నాటి మనిషి చేత్తో ఇడ్లీ తినే యోగం ఏ మండలికి పడుతుంది?"

"మేడం!"

"ఇంకో మాట కూడా ఉంది. ఈ అధ్యాయం ఒప్పంటే, ఉపసంఘం సంతకం తప్పు. ఉపసంఘం సంతకం తప్పంటే మిగతా పదకొండు అధ్యాయాల మీదా అనుమానమే. వాటిల్లో ఎవరెవరి వాదాలున్నాయో, ఎవరు ఎవరిని 'సంపూర్ణ దోషము' అన్నారో ఇప్పుడే చదవమంటారా?"

పుస్తకం తెరిచాను. దక్షిణామూర్తి గారు ఒక పేజీ వెనక్కి తిప్పి చూశారు. లలితాంబ గారు ఒక పేజీ ముందుకి తిప్పి చూశారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. గొడవ చెయ్యాలంటే ముందు ఎవరి అధ్యాయం వాళ్లు పోల్చుకోవాలి, పోల్చుకుంటే అది దోషమని మండలి ముద్ర ఉంది. ఇద్దరికీ ఒకేసారి దగ్గు వచ్చింది.

అప్పుడు నాగేశం గారు తల ఎత్తారు. "అయ్యా, చిన్న మనవి. నిబంధన పధ్నాలుగులో 'ఖండించవలెను' అని మాత్రమే ఉందండి. ఖండించబడేది తప్పై ఉండాలని ఎక్కడా లేదు."

డైరెక్టరు గారి ముఖం మెల్లగా విప్పారింది. "అంటే, నిజాన్ని కూడా ఖండించవచ్చా?"

"భేషుగ్గా ఖండించవచ్చండి. అడ్డేమీ లేదు."

అంతే, ఊపిరి తిరిగింది అందరికీ. మెమో ఉపసంహరించారు. ఒకటో సంపుటం అచ్చుకి పోయింది. కానీ నిబంధన ప్రకారం రెండో సంపుటం ఒకటోదాన్ని ఖండించాలి కదా? రెండోది లలితాంబ గారిది. "నన్ను ఖండించడానికి వీల్లేదు" అని దక్షిణామూర్తి గారు భీష్మించారు. మూడోది ఆయనది, లలితాంబ గారూ అదే మాట. కాబట్టి ప్రతి రెండు సంపుటాల నడుమ ఖండించుకోవడానికి ఒక తప్పుల సంపుటం వెయ్యాలని తీర్మానించారు. తప్పుల సంపుటం ఖండిస్తే ఒప్పని ఒప్పుకున్నట్టేనట. ఒకటిన్నర, రెండున్నర, మూడున్నర, అలా ఇరవై నాలుగున్నర దాకా. అంత తప్పు కాంట్రాక్టు మనిషితో అయ్యేది కాదు. 'పూర్వపక్ష అధికారిణి' అని శాశ్వత పోస్టు పుట్టింది. "అధికారిణి విధి నిర్వహణలో రాయునది, చెప్పునది సమస్తమును తప్పుగానే భావించబడును" అని షరతు. రాసిన మనిషిని నేనే కాబట్టి, ఉత్తర్వు నాకే వచ్చింది.

ఆ ఉత్తర్వు పట్టుకుని వెళ్లి, "నేను ఈ దినము విధులలో చేరితిని" అని రాసిచ్చాను. నాగేశం గారు చదివి, బాధగా తిప్పి ఇచ్చేశారు.

"ఇది చెల్లదమ్మా. మీరు రాసేది తప్పని భావించాలి కదా. అంటే చేరనట్టు."

"మరేం చెయ్యమంటారు?"

"చేరలేదని రాయండి, నమోదు చేసుకుంటాను."

"నేను విధులలో చేరలేదు" అని రాసిచ్చి, పర్మనెంట్ అయ్యాను. పదకొండేళ్ల తర్వాత ఆ కాగితం మీద ముద్ర పడుతుంటే, నాగేశం గారి టేబుల్ పట్టుకుని నవ్వాను, కాస్త ఏడ్చాను కూడా.

సాయంత్రం గవరమ్మ పిన్నిని గేటు దాటించి లోపలికి తీసుకొచ్చాను. ఇన్నేళ్లలో ఆవిడ లోపలికి రావడం అదే మొదలు. కొంగుతో చేతులు తుడుచుకుని అద్దాల పెట్టె ముందు నిలబడింది. వంకర గీతని చూసి నాలిక కొరుక్కుంది.

"అద్దం తీస్తే ఒక్క గంటలో సరిసేసేస్తాను. మావ సూస్తే తిడతాడు."

"వద్దమ్మా వద్దు!" అని వెనకనుంచి దక్షిణామూర్తి గారు పరుగెత్తుకొచ్చారు. "ఆ వంకర మీద మూడో సంపుటం సగం రాశాను!"

ఆయన వెళ్లాక పిన్ని పెట్టె కింద కొత్తగా పెట్టిన పలక చూసింది. ఊళ్లో అందరూ అడుగుతున్నారని మండలి నాలుగు సమావేశాలు పెట్టి ఖరారు చేసిన పలక అది. ఆవిడకి చదవడం రాదు.

"ఏటని రాశారమ్మా?"

పై వరస పెద్ద అక్షరాల్లో ఉంది. చదివాను. "'రోళ్లకు గంట్లు కొట్టిన పోలయ్య కోడలు గవరమ్మ పని నేర్చుకున్న రాయి.'"

"పోలయ్య అని ఉందా?"

"ఉంది పిన్నీ. నీ పేరు కంటే ముందే ఉంది."

ఆవిడ వంకర బొటనవేలితో ఆ అక్షరాలని తడిమింది. కళ్లొత్తుకుంది. తర్వాత వేలు కిందికి జారింది. కింద చిన్న అక్షరాల్లో ఇంకో వరస ఉంది: "అని సున్నా సంపుటములో చేయబడిన వాదము మండలిచే సంపూర్ణముగా ఖండింపబడినది."

"మరి ఈ కింద సిన్నచ్చరాలు ఏటమ్మా?"

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఆరు గంటలైంది. విధి నిర్వహణలో నేను ఏం చెప్పినా తప్పేనని ఉత్తర్వు.

"పైన రాసిందంతా నిజమని రాశారు పిన్నీ" అన్నాను.